దోమల సామూహిక నిర్ణయం

భౌతికశాస్త్రం ఒకసారి నా చేతిలో చావు తప్పించుకుంది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, నాకు అలవాటే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో కాలాపేట యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ వెలగబెడుతున్నాను. మకాం సారం అనే పేటలో, మేనత్త ఇంట్లో. ఆఖరి ప్రాజెక్టు దోమల గుంపు మీద. కుట్టని చిన్న దోమలు సాయంత్రాలు గాల్లో గుంపుగా తేలుతుంటాయి కదా, ఏ దోమ ఎటు పోయినా ఎవరో లాగినట్టు మళ్ళీ గుంపు మధ్యలోకే వస్తుంది. ఆ లాగుడును లెక్కగట్టాలి. ప్రాజెక్టు పోతే డిగ్రీ పోయినట్టే.

అత్తవాళ్ళ మిద్దె మీద వెల్లకిలా పడుకుని, వీడియో కెమెరాకు కన్ను అతికించి, మూడు వారాలు ఆకాశాన్నే చూశాను. ఒక అద్భుతం కంటబడింది. రోజూ సరిగ్గా ఆరింటికి గుంపంతా మిద్దె నడుమ నుంచి మెట్లవైపు జరిగేది. నాయకుడు లేడు, సైగ లేదు. నేనేమన్నా తక్కువ తిన్నానా? "దోమల సామూహిక నిర్ణయం" అని ముప్పై పేజీలు రాసిపారేశాను.

మా గైడ్ చదివి, "ఏమయ్యా, ఇది నిజమైతే పెద్ద సంగతే. నా కళ్ళతో చూడాలి" అంటూ స్వయంగా ఇంటికొచ్చారు.

మిద్దె ఎక్కాం. దోమలు తేలుతున్నాయి. "ఇంకో రెండు నిమిషాల్లో కదుల్తాయి సార్" అన్నాను, వాటికి ట్యూషన్ నేనే చెప్పినంత ధీమాగా.

అత్త వచ్చింది. నడుమ ఎండుతున్న వడియాల చాపనూ, కాకులు వాలకుండా దాని పక్కన తెరిచిపెట్టిన నల్ల గొడుగునూ మెట్లవైపు లాక్కెళ్ళింది. దోమలు గొడుగు వెంటే వెళ్ళాయి.

"సామూహిక నిర్ణయం" అన్నారు గైడ్.

"ఏంది సారూ?" అంది అత్త.

"రోజూ ఇలాగే జరుపుతారామ్మా?"

"అవును సారూ. సముద్రం గాలికి వడాం మెత్తబడిపోతాదని మెట్ల చాటుకు లాగుతా. ఈ దోమలు ఒగటి, గొడుగు యాడ పెడితే ఆడికే వస్తాయి."

"మీవాడికి చెప్పలేదా?"

"వాడెప్పుడు కిందికి చూసినాడు? దినమూ వాణ్ణి దాటుకోనే పోతా ఉండా."

సిగ్గుతో చచ్చిపోయాను. గైడ్ ముప్పై పేజీలూ నా చేతిలో పెట్టారు. "కింద నల్లమచ్చ కనబడితే దాన్నే గుర్తుగా పెట్టుకుని దానిపైన తిరుగుతాయయ్యా. మళ్ళీ మొదలుపెట్టు. అమ్మా, మీరు గొడుగు పట్టుకుని కాస్త నడుస్తారా?"

"నాకు మోకాళ్ళ నొప్పి సారూ. వాణ్ణే నడవమనండి. కెమెరా నేను పట్టుకుంటా."

నెల రోజులు నల్ల గొడుగుతో, నెత్తిన దోమలతో మిద్దె చుట్టూ ప్రదక్షిణలు చేశాను. చూడ్డానికి వీధి వీధంతా మిద్దెలెక్కింది. ప్రాజెక్టు గట్టెక్కింది. గైడ్ దగ్గరుండి రాయించిన వివరాల్లో పరిశీలకురాలు అత్త, కదిలే గుర్తు నేను.

కనుక సకల జీవరాశుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రాణి ఎటు కదిలినా, అత్తనడిగిన తర్వాతే సమీకరణం రాస్తాను.