పేర్లు అడిగిన సార్

మా సార్ పోయారని పోయిన వారం హోసూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది బ్రౌజింగ్ సెంటర్ ఓనరు. "గదిలో ఒక్కడే ఉండి పోయినాడప్పా. రెండు దినాలైనాక తలుపు తీసినారు," అన్నాడు. నేను కృష్ణగిరి నుంచి బయల్దేరి వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. నిప్పు పెట్టింది ఆ ఓనరే.

హోసూరులోని మూకండపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగిన మాలాంటి వాళ్లకు సార్ ఆ సెంటర్లోనే ఇంగ్లీషు నేర్పేవారు. పుస్తకం లేదు. ఇంటర్నెట్‌లో ఆనాటి ఇంగ్లీషు వార్తలు వెతికి, ప్రింటు తీసి తలా ఒకటి ఇచ్చేవారు. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు మేం టీ తాగి వచ్చేవాళ్లం. ఆయన మాత్రం పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా తెర ముందు నుంచి కదిలేవారు కాదు. వార్తను ముందు పైకి చదవాలి, తర్వాత మన మాటల్లో చెప్పాలి, ఆ పైన కాగితం బోర్లించి ఇంగ్లీషులో చెప్పాలి. ఎవరైనా తప్పు మాట్లాడితే నవ్విన వాళ్లను బయటికి పంపేవారు. నాకు సూపర్‌వైజర్ ఇంటర్వ్యూ గండం ఉండేది కాబట్టి ఒక్కరోజూ మానలేదు.

ఒకసారి నా వంతుకు నాలుగు లైన్ల వార్త వచ్చింది. బర్గూరు దగ్గర గ్రానైట్ క్వారీలో బండ జారి ఇద్దరు కూలీలు చనిపోయారు. ఎక్కడా తడబడకుండా గడగడా చదివేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

సార్ నా చేతిలోని ప్రింటు తీసుకుని చూశారు. "ఎవురప్పా వాళ్లు?" అన్నారు.

వార్తలో పేర్లు లేవన్నాను.

"బర్గూరు యాడో దూరదేశంలో లేదు కదప్పా. బస్సెక్కి పోయి కనుక్కోని రా."

ఆదివారం వెళ్లాను. టీకొట్టులో అడిగితే దారి చెప్పారు. ఒక ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. చనిపోయినవాడి తల్లి నన్ను క్వారీ ఆఫీసు మనిషి అనుకుని చేతులు పట్టుకుంది. కాదనకుండానే కొడుకు పేరేమని అడిగాను. ఆమె రెండుసార్లు చెప్పింది.

రెండో ఇంటికీ వెళ్లొచ్చి, ఆ ప్రింటు కింద పెన్నుతో పేర్లు రాశాను. సార్ వాటిని క్లాసులో అందరిచేతా చదివించారు. "పేరు లేకుంటే సచ్చినోడు ఎవురికీ ఏమీ కాకుండా పోతాడప్పా," అన్నారు. ఆనాటి నుంచి చావు వార్త ఏది చెప్పినా పేరుతోనే మొదలుపెట్టాలన్నది మా క్లాసు నియమం.

నాకు ఉద్యోగం వచ్చింది. కృష్ణగిరి చేరాక ఆయనకు ఫోన్ చేయడం కూడా తగ్గించేశాను. దానికి సాకులు చెప్పుకోను.

సార్ పోయిన సంగతి ఏ వార్తల సైట్లోనూ రాలేదు. ఆయన నేర్పిన ఇంగ్లీషులోనే నాలుగు లైన్లు రాసి సెంటర్ గోడకు అంటిద్దామని అక్కడే కూర్చున్నాను. మొదటి మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆయన పేరు నేను అడగలేదు. గది అద్దెకిచ్చిన ఇంటివాళ్లకూ పక్క గదుల వాళ్లకూ ఆయన ఇంగ్లీషు సారే. ఓనరుకూ తెలియదు. బ్రౌజింగ్‌కు వచ్చిన వాళ్ల పేర్లు రాసే పాత రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. పేజీ తర్వాత పేజీ తిప్పాను. ప్రతి సాయంత్రం, మా అందరి పేర్ల కంటే పైన, పేరు రాసే గడిలో ఓనరు చేతిరాత ఉంది. సార్. సార్. సార్.