కన్నయ్యశెట్టి గారి ఇంజను సైకిలు

1908వ సంవత్సరం. కార్తీకం వెళ్ళి చలి మొదలైన రోజులు. కాకినాడలో ఉప్పుటేరు ఒడ్డున, ధాన్యం మిల్లుకు ఎదురుగా నాకొక రేకుల షెడ్డు ఉండేది. మా వాళ్ళంతా సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళు. నేనొక్కణ్ణే ఇనుము పట్టుకున్నాను. రేవులో స్టీము లాంచీలు బాగుచేసే చోట ఫిట్టరు పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. కాలితో తొక్కే లేతు ఒకటి, కొలిమి ఒకటి, ఇనుము బిగించి పట్టే వైసులు రెండు. మిల్లు బెల్టులు, నీళ్ళ పంపులు, సైకిళ్ళు నా చేతికి వచ్చేవి. అవన్నీ ఇప్పుడు కలగలిసిపోయాయి. ఒక్క సైకిలు మాత్రం ఇప్పటికీ భాగం భాగంగా గుర్తుంది.

ఒక ఉదయం షెడ్డు ముందు ఒంటెద్దు బండి ఆగింది. అందులో కన్నయ్యశెట్టి గారు. మినుములు, పెసల వ్యాపారం ఆయనది. ఆయన్ని ఎరగనివాళ్ళు బజారులో లేరు. నలభై ఐదేళ్ళుంటాయి. పక్కన కొయ్యపెట్టె. బండివాడు పెట్టె దింపాడు గాని ఆయన దిగలేదు.

"నూకరాజూ, మూత తియ్యవయ్యా."

తీశాను. పొట్టులో పడుకోబెట్టిన చిన్న ఇంజను. అరచేతికి మించిన వెడల్పు లేని సిలిండరు, చుట్టూ పలచటి రెక్కలు. స్టీము తప్ప ఎరగని నాకు అది బొమ్మలా కనిపించింది.

"మద్రాసు నుంచి ఓడలో తెప్పించాను. ఫోర్ స్ట్రోకు అంటారట. దీన్ని సైకిలుకి కట్టాలి. నేను తొక్కకూడదు. నన్నెవరూ తొయ్యకూడదు. నేను ఒక్కణ్ణే ఎక్కాలి, ఒక్కణ్ణే వెళ్ళాలి. చెయ్యగలవా?"

ఆయన ఎడమ కాలు మీద పంచె మడతలు మడతలుగా కప్పి ఉంది. ఆయనకు బోదకాలని ఊరందరికీ తెలుసు. ఆ రోజుల్లో మా కాకినాడలో వీధికి ఇద్దరు ముగ్గురికి ఉండేది. ఒకప్పుడు ఆయన పిఠాపురం దాకా నడిచి వెళ్ళి, దారిలో ప్రతి కళ్ళంలోనూ గింజ చూసి, సాయంత్రానికి నడిచి తిరిగొచ్చేవారట. రెండేళ్ళుగా కాలు ఆయన్ని దుకాణంలో కూలేసింది. కొనుగోలుకు తమ్ముడు నరసింహం వెళ్తున్నాడు. బండిలో వెళ్ళచ్చు కదా అంటే, బండిలో వెళ్తే రోగినే అవుతాను, వ్యాపారిని కాను అన్నారు.

"కూర్చోలేకపోతున్నానయ్యా," అన్నారు ఉన్నట్టుండి. "తక్కెడ ముందు కూర్చుంటాను, లేస్తాను, గుమ్మం దాకా వెళ్తాను, మళ్ళీ కూర్చుంటాను. నాకే చిరాకేస్తోంది."

చేస్తానన్నాను. ఎలా చేస్తానో నాకు తెలియదు.

ముందు ఇంజను పని అర్థం చేసుకోవడానికే పది రోజులు పట్టింది. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలి పీల్చుకుంటుంది. పైకి వెళ్తూ దాన్ని నొక్కుతుంది. అప్పుడు నిప్పురవ్వ పడి భగ్గుమంటే మళ్ళీ కిందికి తోస్తుంది. మరోసారి పైకి వెళ్తూ పొగను బయటికి నెడుతుంది. నాలుగు కదలికల్లో ఒక్కదానికే బలం. స్టీము ఇంజను మీద పెరిగిన నాకు ఆ మిగతా మూడూ వృథాగా తోచేవి. పీట మీద బిగించి తిప్పితే నాలుగుసార్లు దగ్గి చచ్చిపోయేది. అన్నం తింటూ కూడా వేళ్ళతో ఆ నాలుగూ లెక్కపెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ కంచం ముందుకు జరిపి, "తినవయ్యా, అది ఎక్కడికీ పోదు," అనేది.

ఇంజను ఆడటం ఒక ఎత్తు, మనిషి ఎక్కడం ఒక ఎత్తు. అప్పట్లో అలాంటి సైకిళ్ళను ముందు పెడల్ తొక్కి ఊపు తెచ్చి, ఆ ఊపులో ఇంజను అంటించాలి. ఈయన తొక్కలేరు. ఆగితే ఇంజను కూడా ఆగాలి, మళ్ళీ తొక్కాలి. దారి తోచక ఒక మధ్యాహ్నం ఎదుటి మిల్లులోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ ఒకే ఇంజను మీద నాలుగు రోళ్ళు ఆడతాయి. ఏదైనా ఆపాలంటే ఇంజను ఆపరు, బెల్టు వదులు చేస్తారు. బెల్టును నొక్కిపట్టే చిన్న చక్రాన్ని జాకీ పుల్లీ అంటారు. అది ఎత్తితే బెల్టు జారుతుంది, దించితే పట్టుకుంటుంది. రోజూ చూసే చక్రమే. దాన్నే చిన్నది చేసి, చేతి మీటతో సైకిలుకి పెడితే? ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది. మీట దించితే సైకిలు మెల్లిగా కదులుతుంది. ఇక ఇంజనును అంటించడానికి పుల్లీకి తాడు చుట్టి, కూర్చున్నచోటు నుంచే ఒక్క గుంజు గుంజితే చాలు.

ఆయన కాలు ఎత్తి కడ్డీ దాటించలేరు కాబట్టి పై కడ్డీ లేని ఫ్రేము కావాలన్నాను. శెట్టిగారి ముఖం మాడిపోయింది.

"ఆడవాళ్ళ సైకిలా? బజారులో నవ్వరూ?"

"నవ్వుతారండి. రెండు రోజులు నవ్వుతారు. మూడో రోజుకి మీరు పిఠాపురంలో ఉంటారు."

ఆయన తనే పంచె పక్కకు తీశారు. కాలు చాపి పెట్టుకునే ఆనింపు చెయ్యాలంటే కొలత కావాలని నేను అంతకుముందు మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ మాట తప్పించారు. ఇప్పుడు నేను నేల మీద కూర్చుని టేపుతో మడమ దగ్గర, పిక్క దగ్గర, మోకాలి కింద కొలిచాను. చర్మం గట్టిగా, గరుకుగా ఉంది. ఆయన రేవు వైపు చూస్తూ, "ఇంట్లో మా ఆవిడ తప్ప దీన్ని ఎవరూ ముట్టుకోలేదయ్యా," అన్నారు. నేను అంకెలు రాసుకున్నాను.

పుష్యమాసానికి సైకిలు ఒక రూపానికి వచ్చింది. శెట్టిగారు రోజూ వచ్చేవారు. కొన్నాళ్ళు రెండు పూటలా. బండిలోంచే, "ఇవాళ ఏమైంది? రేపటికి ఏమవుతుంది?" అని అడిగేవారు. ఆయన ఆత్రం నాకూ అంటుకుంది.

అప్పుడొకనాడు అదే బండిలో ఆయన భార్య సుభద్రమ్మ గారు వచ్చారు. ఆవిడ షెడ్డు లోపలికి వచ్చి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. కాలి ఆనింపు మీద చెయ్యి పెట్టి చూశారు.

"చక్కగా చేశావు, నూకరాజూ. ఇది నడవదని ఆయనతో చెప్పెయ్యి."

నేను తెల్లబోయాను.

"ఆయన నీతో ఒకటి చెప్పుండరు. నెలకోసారి, ఒక్కోసారి రెండుసార్లు ఆయనకి జ్వరం వస్తుంది. ముందు గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గంట తిరక్కుండా వణుకు పుట్టి ఒళ్ళు తెలియకుండా పోతుంది. మొన్న దుకాణం మెట్ల మీదే పడిపోయారు. మనుషులున్నారు కాబట్టి పట్టుకున్నారు. రోడ్డు మీద ఎవరు పట్టుకుంటారు? నువ్వు నడవదంటే ఆయన నమ్ముతారు. నేను వద్దంటే వినరు."

"అలా ఎలా చెప్పనండి, అమ్మా?"

"నీకూ భార్య ఉంది కదా. ఆలోచించు," అని వెళ్ళిపోయారు.

ఆ రోజు చేసిన పని ఒక్కటీ సరిగా కుదరలేదు. లేతు మీద రెండు పిన్నులు పాడుచేశాను.

మర్నాడు తెల్లవారాక సైకిలును ఉప్పుటేరు గట్టు మీదికి తీసుకెళ్ళాను. శెట్టిగారు ఎక్కినట్టే నేనూ ఎక్కాలని ఎడమ కాలిని ఆనింపు మీద చాపి గుడ్డతో కట్టేసుకున్నాను. తాడు గుంజితే మూడోసారికి ఇంజను అందుకుంది. మీట దించాను. సైకిలు కదిలింది! పడవల్లో వలలు బాగుచేసుకుంటున్న మావాళ్ళు లేచి కేకలు వేశారు. వంతెన దాకా వెళ్ళాను, మళ్ళించాను, ఇంకాస్త వేగం పెంచాను. అప్పుడు చేతుల కింద ఏదో చిటుక్కుమంది. హాండిలు ముందుకు వాలిపోయింది. కాలు కట్టేసి ఉండటంతో దూకలేక సైకిలుతో పాటు ఇసుకలో పడ్డాను.

ఫ్రేము మెడ దగ్గర నేను ఇత్తడి కరిగించి వేసిన అతుకు ఊడిపోయింది. మోచెయ్యి కడుక్కుంటుంటే శెట్టిగారి బండి వచ్చింది. కబురు ముందే అందినట్టుంది. ఈసారి ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగారు. ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చి, సైకిలు పక్కన కూలబడి, ఊడిన అతుకును వేలితో తడిమారు.

"నూకరాజూ, నిజం చెప్పు. తప్పు నీ పనిదా, నా కాలిదా?"

కాలిదంటే చాలు. ఆ సైకిలు అక్కడితో సరి. సుభద్రమ్మ గారు చల్లగా ఉంటారు. రోడ్డు మీద జరగబోయేదానికి నేను బాధ్యుణ్ణి కాను. కాని ఆ మనిషి వేలు ఇంకా ఆ అతుకు మీదే ఉంది. ఇంకో రెండేళ్ళపాటు ఆయన తన కాలిని తిట్టుకుంటూ కూర్చోవడానికి నా అబద్ధం చాలు.

"నా పనిదేనండి. వేడి చాల్లేదు, ఇత్తడి లోపలికి దిగలేదు. గొట్టం లోపల ఇంకో గొట్టం దూర్చి, పిన్ను వేసి మళ్ళీ అతుకుతాను."

"ఎన్నాళ్ళు?"

"పది రోజులండి."

చెప్పవలసిన రెండో మాట మాత్రం చెప్పలేదు. ఆవిడ వచ్చారని గాని, జ్వరం సంగతి నాకు తెలుసని గాని అనలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు నాకెందుకని సర్దిచెప్పుకున్నాను.

మాఘంలో పెసర కళ్ళాలు మొదలయ్యాయి. అతుకు సరిచేసి, గట్టు మీద వారం రోజులు నడపడం నేర్పాక, ఒక ఉదయం శెట్టిగారు తాడు గుంజి, మీట దించి, పిఠాపురం రోడ్డు పట్టారు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. పొద్దెక్కేసరికి వచ్చేస్తానన్నారు.

పొద్దెక్కింది. రాలేదు. నేను ఆకురాయి పట్టుకుంటాను, దించుతాను, రోడ్డు మీదికి వెళ్తాను, మళ్ళీ లోపలికి వస్తాను. దూరంగా ఏ చప్పుడు వినిపించినా ఇంజనేనేమో అనిపించేది. మధ్యాహ్నం మిల్లు కూత వేసింది. ఇక ఉండలేక మామూలు సైకిలు తీసుకుని బయల్దేరాను. ప్రతి మలుపులోనూ, ప్రతి కాలవ గట్టు కిందా చూసుకుంటూ తొక్కాను. ఎదురొచ్చిన వాళ్ళను అడిగితే, "డబడబమంటూ వెళ్ళిందండి, రావడం చూళ్ళేదు," అన్నారు.

సగం దారి దాటాక తాటిచెట్ల కింద సైకిలు కనిపించింది. స్టాండు మీద ఉంది. మనిషి లేడు. సిలిండరు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. "శెట్టిగారో!" అని అరిచాను.

"ఏంటయ్యా ఆ కేకలు?"

గట్టుకు అవతల కళ్ళం. నూర్చిన పెసలు రాశి పోసి ఉన్నాయి. ఆ రాశి పక్కన బోర్లించిన గంప మీద శెట్టిగారు కూర్చుని, గుప్పెడు గింజలు పట్టుకుని రైతుతో పోట్లాడుతున్నారు. "తేమ ఉందంటే లేదంటావేంటయ్యా? పంటి కింద పెట్టి చూడు!" ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. తక్కెడ ముందు ఆయన అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

కోపంతో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంట్లో అమ్మగారు ఎలా ఉన్నారో తెలుసాండీ?" అన్నాను.

ఆయన గింజలు రాశిలో వదిలేశారు. వేళ సంగతి అప్పుడు తెలిసింది ఆయనకు.

ఇద్దరం ఇంటికి చేరేసరికి సుభద్రమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. భర్తను తల నుంచి కాలి దాకా చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "నడవదని చెప్పమంటే చెప్పావు కాదు కదా," అన్నారు. అరవలేదు. ఆ మాట అని అక్కడే గడప మీద కూర్చుండిపోయారు.

శెట్టిగారు ఆవిడ ముఖంలోకి, నా ముఖంలోకి చూశారు. "నువ్వు ఇతని దగ్గరికి వెళ్ళావా?"

అప్పుడు నేను దాచినదంతా ఇద్దరి ముందూ చెప్పాను. జ్వరం సంగతి తెలిసి కూడా సైకిలు చేతికిచ్చాననీ, ఒక్క మాట అడగలేదనీ ఒప్పుకున్నాను. శెట్టిగారు గుమ్మం పక్కన ఆనుకుని నిలబడ్డారు. కాలు నొప్పి పెడుతున్నా కూర్చోలేదు.

"నూకరాజూ, రవ్వ వచ్చే తీగని మధ్యలో తెంచొచ్చా?"

"తెంచొచ్చండి. మధ్యలో ఇత్తడి పిన్ను పెడితే, అది తీసేసినప్పుడు ఇంజను అంటుకోదు."

"అలా పెట్టు. ఆ పిన్ను ఈవిడ దగ్గర ఉంటుంది. రోజూ పొద్దున్నే నా ఒళ్ళు చూసి ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు."

"ఎక్కడికి వెళ్తున్నారో చెప్పాలి. చెప్పిన వేళకి రావాలి," అన్నారు సుభద్రమ్మ గారు, తల ఎత్తకుండానే.

"చెప్తాను."

చిటికెన వేలంత ఇత్తడి పిన్ను. ఆ సైకిలులో నేను అన్నిటికన్నా తక్కువసేపు చేసిన భాగం అదే. ఆ సైకిలు మీద కన్నయ్యశెట్టి గారు అయిదు పంటలు కొన్నారు. ఆవిడ పిన్ను ఇవ్వని రోజులూ ఉన్నాయి. అలాంటి రోజున బండిలో నా షెడ్డుకి వచ్చి, "ఏమీ లేదయ్యా, కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందంతే, దొంగతనంగా ఇంకో పిన్ను చేసిపెట్టు," అని బతిమాలేవారు. చెయ్యలేదు. ఒకసారి అలా బతిమాలుతూనే నా షెడ్డులో వణుకు మొదలై పడిపోయారు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఆరో ఏడు కాలు బాగా బరువెక్కి తనంతట తానే మానేశారు.

యంత్రం ఎక్కేవాడి కొలతలు తీసుకుంటే సరిపోతుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా ఇంజను కట్టమని వస్తే ముందు ఇంట్లోవాళ్ళను ఒకసారి తీసుకురమ్మంటాను. చాలామంది నవ్వుతారు. "ఇంజనుకీ మా ఆవిడకీ ఏంటండీ సంబంధం?" అంటారు.

"మీరు వెళ్ళాక ఆవిడ ఏం చేస్తుందో తెలుసాండీ?" అని అడుగుతాను.