నా వేషానికి నేను పనికిరాలేదు

ఆ వయసులో నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, దెబ్బలు తినడం. అందులో కూడా ఊరందరి ముందు తప్పిన ఘనుణ్ని నేను. ఆ వైభోగం ఇప్పుడు చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. ఊరు ఎప్పుడో నవ్వేసింది, ఇక మీ వంతే మిగిలింది.

మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన వేటకు పోయేవాడు. ఒడ్డుకు చేరాక వలతో గడిపినంత సేపు నాతో గడిపేవాడు కాదు. వల చిరిగితే పొద్దుగూకేదాకా కూర్చుని అల్లేవాడు గానీ, నా చొక్కా ఎందుకు చిరిగిందని ఏనాడూ అడగలేదు. చింపేవాడు మా క్లాసు మురళి. అయ్యవారు హాజరు వేసేటప్పుడు నా పేరు మర్చిపోయిన రోజులున్నాయి గానీ, మురళి నన్ను మర్చిపోయిన రోజు లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊరికి సినిమావాళ్లు వచ్చారు. తల్లి లేని, ఇంట్లో ఎవరూ పట్టించుకోని, బయట అందరి చేతా తన్నులు తినే ఓ పిల్లవాడి కథట. ఆ వేషానికి మా బడిలోంచే ఒకణ్ని తీసుకుంటారట. ఆ పిల్లవాడు నేనే కదా. ఆ వేషం ఇంకొకడికి ఇవ్వడమంటే, నా రేషన్ కార్డు మీద ఇంకొకడు బియ్యం మోసుకుపోవడమే.

అక్కడితో ఆగానా? సెలక్షన్ జరగకముందే హీరో నేనేనని ఊరంతా చాటాను. టీకొట్టులో చెప్పాను, చేపలు కాటా వేసేచోట చెప్పాను, చివరికి నాయనకూ చెప్పాను. ఆయన వల మీంచి తలెత్తాడు.

"నిజంగానా అబ్బయా?" అన్నాడు.

నిజమేనన్నాను. ఆ రాత్రి ఆయన నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

బడి వరండాలో సెలక్షన్. డైరెక్టరుగారు చూస్తుండగా ఆయన అసిస్టెంటు నన్ను కొట్టబోయినట్టు చెయ్యెత్తాడు. నేను నవ్వాను. కావాలని కాదండీ. ఏడిస్తే మురళికి హుషారెక్కువయ్యేది, నవ్వితే విసుగొచ్చి వదిలేసేవాడు. అలా అలవాటై, చెయ్యి లేస్తే చాలు, నా పళ్లు వాటంతటవే బయటికొచ్చేవి. మళ్లీ చెయ్యమన్నారు, మళ్లీ నవ్వాను.

డైరెక్టరుగారు పెదవి విరిచారు. "నువ్వు గారాబంగా పెరిగినట్టున్నావు బాబూ. నీ ముఖంలో కష్టం కనపడటం లేదు."

తమాషా చూడ్డానికొచ్చిన మురళిని, పోనీ నువ్వు చేస్తావా అని అడిగారు. వాడు భుజాలు ముడుచుకుని, మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని, గోడవారగా జారి కూలబడ్డాడు. అచ్చం నేనే. నన్ను అన్నేళ్లు అంత దగ్గరగా గమనించినవాడు లోకంలో ఇంకెవడున్నాడు? ఏడుపొక్కటే వాడు సొంతంగా కలిపాడు. అసిస్టెంటు కళ్లు తుడుచుకున్నాడు.

నాకు వేషమే దక్కలేదనుకోకండి. హీరోను కొట్టే పోకిరీల్లో నేనొకణ్ని. అలా మురళి చెంపను అధికారికంగా నాకు అప్పగించారు. చెయ్యెత్తాను. అది దోమను తోలినట్టు వాలింది. ఇంకోసారి, ఇంకోసారి అంటూ డైరెక్టరుగారి గొంతు పోయింది. చివరికి మురళికే జాలేసింది.

"అట్ట కాదబ్బా, భుజం కాణ్నించి రావాల" అని నాకే ఒకటిచ్చి చూపించాడు. ఆ దెబ్బ కెమెరాలో పడివుంటే సినిమాకు అవార్డు ఖాయం.

సినిమా పూర్తయ్యాక ఊరివాళ్ల కోసం బడి ఆవరణలో తెరకట్టి వేశారు. నాయన నా పక్కనే కూర్చున్నాడు. తెర మీద మురళి ఇసకలో ఒంటరిగా కూర్చుని చద్దన్నం తింటుంటే, నాయన తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. అంతలో తెర మీదికి నేనొచ్చి, ఆఖరికి ఎలాగో కుదిరిన ఆ ఒక్క దెబ్బా వాణ్ని కొట్టాను. నాయన మెల్లగా నావైపు తిరిగాడు.

"తల్లిలేని బిడ్డ గదరా. ఎట్ట చెయ్యొచ్చింది నీకు?"

ఆట ముగిశాక నాయన మురళి దగ్గరికెళ్లి తల నిమిరి, రేపు మా ఇంటికి అన్నానికి రమ్మన్నాడు. వాళ్లమ్మ వాడి పక్కనే కూర్చుని ఉంది. ఆమె కూడా కళ్లొత్తుకుని సరేనంది.

మర్నాడు మురళి వచ్చాడు. నాయన చందువ చేప పులుసు కాచి, మంచి ముక్క ఏరి వాడికేశాడు. వడ్డించింది నేను. గరిటె చేతిలో ఉండగానే సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను. నా కథను ఎవరైనా సినిమాగా తీస్తే టిక్కెట్టు కొనుక్కుని చూస్తాను గానీ, నా వేషం నాకిమ్మని ఈ జన్మలో అడగను. దానికి నాకంటే అర్హులున్నారు. వాళ్లకైతే ఇంటికి పిలిచి అన్నం పెడతారు.