మంగళవారాల పగ

రొమ్ము ఆపరేషనై రెండేళ్ళయ్యాక డాక్టరుగారు మాత్ర మార్చారు. ఏలూరులో మంగళవారం మంగళవారం కేన్సర్ రోగుల్ని చూసే డాక్టరాయన. "బహిష్టులు ఆగిపోయినవాళ్ళకి ఇది ఇంకా బాగా పనిచేస్తుందండీ, రోజుకొకటి వేసుకోండి" అన్నారు. వేసుకున్నాను. ఆరునెలలు తిరిగేసరికి పొద్దున్నే మంచం దిగాలంటే మోకాళ్ళూ నడుమూ పట్టేసేవి. తాడేపల్లిగూడెంలో టీచర్ని, రోజంతా నిలబడి పాఠం చెప్పాలి. ఆయనకి మూడుసార్లు చెప్పుకున్నాను.

"వయసండీ, మామూలే. ప్రాణం దక్కింది కదా, సంతోషించండి" అన్నారు మూడుసార్లూ.

ఒకరోజు బడి వరండాలో చెప్పు మెలిపడి తూలాను. పడిపోకుండా నేల మీద చెయ్యి ఆన్చాను, అంతే. మణికట్టు విరిగింది. గూడెంలో పిండికట్టు వేసిన ఎముకల డాక్టరు నా మందుల చీటీ చూసి ఆగిపోయారు.

"ఈ మాత్ర ఒంట్లో ఆడ హార్మోన్ని బాగా తగ్గించేస్తుందండీ. దాంతో ఎముకలు పల్చబడతాయి. మొదలెట్టేముందు ఎముకల స్కానింగు తీయించలేదా? కాల్షియం ఏమీ రాయలేదా?"

"లేదండీ."

విజయవాడ వెళ్ళి స్కానింగు తీయించుకున్నాను. నడుము ఎముకలూ తుంటి ఎముకా గుల్లబారాయని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని, పిండికట్టు చేతితోనే ఏలూరు వెళ్ళాను. ఆయన కాగితం తిరగేసి చూసి, తలెత్తకుండానే, "తూలి పడితే ఎవరికైనా విరుగుతుందండీ" అన్నారు.

ఆ మాటతో నాలో ఏదో గడ్డకట్టింది. తిట్టలేదు. మెడికల్ లీవులో ఉన్నాను కదా, ఆ పై మంగళవారం నుంచి పాసింజరెక్కి ఏలూరు వెళ్ళి, నంబరు తీసుకోకుండా ఆయన గది బయట బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న ప్రతి ఆడమనిషినీ ఏ మాత్ర వాడుతున్నారని అడిగేదాన్ని. అదే మాత్రయితే నా చెయ్యి చూపించేదాన్ని. "ఎముకల్ని తినేస్తుందమ్మా ఇది. లోపలికెళ్ళి అడగండి, స్కానింగు ఎందుకు రాయలేదని."

"మేడంగారూ, మీకు నంబరు లేదు కదండీ" అన్నాడు కాంపౌండరు.

"నా నంబరు ఎప్పుడో అయిపోయిందండీ. ఊరికే కూర్చున్నాను."

గది గుమ్మానికున్న తెర వెనక నుంచి ఆయన గొంతు పెరిగేది. "ఈ స్కానింగు గొడవ మీకెవరు చెప్పారండీ?" పొద్దున్న ఒకరు, కాసేపటికి ఇంకొకరు, మధ్యాహ్నం మరొకరు స్కానింగు ఎందుకు రాయలేదనే అడుగుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది. ఆ నొప్పుల మధ్య నేను సుఖంగా నిద్రపోయింది మంగళవారం రాత్రుళ్ళే.

మూడోనెలలో ఒకావిడ నన్ను వెతుక్కుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ళక్కది కలిదిండి. చేపల చెరువుల దగ్గర పనిచేస్తుంది. నెల క్రితం ఆ అక్కే నా పక్కన కూర్చుని అన్నీ విన్నది.

"మీ మాటలు విని మా అక్క మాత్ర మానేసిందండీ. ఎంత చెప్పినా వినట్లేదు."

మాత్ర మానొద్దని నేను ఎవరికీ చెప్పలేదు. తెలియక కాదు. నేను మాత్రం ఒక్కపూట కూడా మానలేదు. ఆ మాట చెబితే నా కోపం పదును తగ్గుతుందని మింగేశాను.

మర్నాడే బస్సెక్కి కలిదిండి వెళ్ళాను. అటూ ఇటూ చెరువులే. వాళ్ళక్క గట్టు మీద చేపలు ఏరుతోంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది.

"మీరే కదండీ ఎముకల్ని తినేస్తుందన్నారు? ఎముకలు విరిగితే నాకు పనెవరిస్తారండీ?"

"అన్నానమ్మా. కానీ ఆ జబ్బు మళ్ళీ రాకుండా కాసేది కూడా అదే. ఎముకలకి వేరే మందులున్నాయి. నేను ఈపూట కూడా వేసుకునే వచ్చాను."

"మరి ఆరోజు ఆ ముక్క చెప్పలేదేమండీ?"

"డాక్టరుగారి మీద కోపమమ్మా."

ఆవిడ చేతులు కడుక్కుని నా వైపు చూసింది. "మీ కోపానికి నేనేం చేశానండీ?"

నాతో ఏలూరు రమ్మని బతిమాలాను. పై మంగళవారం ఆవిడతో పాటు తెర లోపలికి నేనూ వెళ్ళాను.

"ఈవిడ నెలరోజులుగా మాత్ర మానేసిందండీ. ఎముకల సంగతి మీరు చెప్పలేదు. మానకూడదని నేను చెప్పలేదు. మన ఇద్దరి తప్పూ కలిసి ఈవిడ ప్రాణం మీదికి వచ్చింది."

ఆయన చీటీ తీసుకుని మాత్ర మళ్ళీ రాశారు, కాల్షియం రాశారు, స్కానింగు రాశారు. ఎత్తుపల్లాల మీద జాగ్రత్తగా నడవమని ఆవిడకి నెమ్మదిగా చెప్పారు. నాకు మాత్రం ఒక్క మాటా చెప్పలేదు.

ఆ తరవాత బల్ల మీద నేను చూసిన ప్రతి చీటీలోనూ స్కానింగు ఉంది. "ఈ స్కానింగు నేను ముందునుంచీ అందరికీ తీయిస్తూనే ఉన్నానండీ" అని ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను. ఒళ్ళు మండిపోయింది. లేచి తెర తీసి అందరి ముందూ అడిగేద్దామనుకున్నాను. లోపల ఉన్నావిడ భయంభయంగా కూర్చుని వింటోంది. ఆవిడ మొహం చూసి మళ్ళీ కూర్చున్నాను.

ఆయన్ని క్షమించలేదు. లీవు అయిపోయేదాకా ఆ బల్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. కాకపోతే, మాత్ర మానొద్దని ముందు చెప్పి, ఆ తరవాతే చెయ్యి చూపించేదాన్ని.