నైరుతి గోడ

2022 ఫిబ్రవరి. సిడ్నీ పడమటి శివారు పెండిల్ హిల్‌లో, ఒక కిరాణా కొట్టు పైన మా ఆఫీసు. ఇళ్ళు కొనేవాళ్ళ తరఫున కాగితాలు చూడటం నా వృత్తి. ఇక్కడ దాన్ని కన్వేయన్సింగ్ అంటారు. కాంట్రాక్టు చదివి, ఆ స్థలం మీద ఎవరికి ఏ హక్కులున్నాయో, కొన్నవాళ్ళ నెత్తిన ఏ బాధ్యతలు పడతాయో చెప్పాలి. అప్పటికి ఈ పనిలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అంతకుముందు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ఉండేవాణ్ణి. చోటు చాలకపోతే వార్త చివరి పేరా కోసేసేవాళ్ళం. ముఖ్యమైనది ముందే వచ్చేస్తుందన్న నమ్మకం అక్కడ పట్టుకుంది. కాంట్రాక్టులు అలా రాయరని తెలిసినా అది పూర్తిగా వదల్లేదు.

ఒక మంగళవారం సుధాకర్, మాధవి వచ్చారు. ఇద్దరిదీ వరంగల్. అతను రైల్వే సిగ్నళ్ళ మరమ్మతు చేస్తాడు, ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. తొమ్మిదేళ్ళుగా గిరావీన్‌లో అద్దె ఫ్లాటు, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళకు నచ్చిన ఇల్లు ఒక పాత రాతి చర్చి కింద ఉంది. చర్చి దిబ్బ మీద ఉంటుంది. దాని దిగువ స్థలాన్ని ఇరవై ఏళ్ళ కిందట ప్లాట్లు చేసి అమ్మారు. దిబ్బకూ ఈ ఇంటి పెరడుకూ మధ్య మట్టిని ఆపే ఇసుకరాయి గోడ, మనిషికి రెండింతల ఎత్తు.

"తూర్పు ముఖం అంకుల్. నైరుతి ఎత్తు. సిడ్నీల ఇట్లాంటిది దొరుకుతదా?" అన్నాడు సుధాకర్.

"ఆ ఎత్తు మీద చర్చి ఉంది కదయ్యా."

"ఉండనీయండి. నైరుతిల బరువుండాలె. చర్చి కన్న బరువేముంటది?"

మాధవి నవ్వింది. "ఈయన ఇల్లు చూడలే అంకుల్. ఫోన్ల కంపాస్ చూసిండు."

ఆదివారం నుంచి మూఢమి అని, శుక్రవారం పొద్దున సంతకాలు పడాలని వరంగల్ పంతులు గారు చెప్పారట. ఇంకో కొనుగోలుదారుడు సిద్ధంగా ఉన్నాడని ఏజెంటు చెప్పాడు. ఈ రాష్ట్రంలో సంతకం చేశాక కూడా వెనక్కి తగ్గడానికి ఐదు పనిదినాల గడువు ఉంటుంది. దాన్ని కూలింగ్ ఆఫ్ అంటారు. అమ్మేవాళ్ళు ఆ గడువు వదులుకోమన్నారు. అలా వదులుకోవాలంటే, దాని అర్థమేమిటో కొనేవాళ్ళకు వివరించానని నాలాంటివాడు రాసివ్వాలి. రాసిచ్చాను.

టైటిల్‌లో, అంటే స్థలం హక్కు పత్రాల్లో, పాజిటివ్ కవనెంట్ ఉంది. అంటే స్థలం ఎవరిదైతే వాళ్ళు సొంత ఖర్చుతో ఫలానా పని చేస్తూ ఉండాలన్న షరతు. అది భూమిని పట్టుకుని ఉంటుంది. చేతులు మారితే కొత్త యజమాని మీద పడుతుంది. మా వైపు చాలా ఇళ్ళకు ఇది మామూలే. వాన నీటిని కాసేపు ఆపి వదిలే ట్యాంకును బాగుచేసుకుంటూ ఉండాలి, అంతే. ఆ షరతుల పత్రం మొదటి పేజీలో ట్యాంకు కనిపించింది. "ఇది అందరికీ ఉండేదే, నీళ్ళ ట్యాంకు," అని చెప్పి పేజీలు తిప్పేశాను. సుధాకర్ తలూపాడు. వాళ్ళు శుక్రవారం సంతకం పెట్టారు. ఏప్రిల్‌లో గృహప్రవేశానికి నేనూ వెళ్ళి పులిహోర తిన్నాను.

జూలైలో రోజుల తరబడి వాన. ఒకరోజు సుధాకర్ ఫోన్ చేశాడు. "చర్చోళ్ళ గోడ మా మీదికి ఒంగింది అంకుల్. వాళ్ళకు నోటీసియ్యాలె."

వెళ్ళి చూశాను. గోడ నడుమ మూరెడు ఉబ్బింది. రాళ్ళ సందుల్లోంచి ఎర్రమట్టి కారుతోంది. వాస్తు ప్రకారం దంపతుల పడకగది నైరుతిలోనే ఉంది, గోడకు నాలుగు అడుగుల దూరంలో. ఆ గదిలో ఎవరూ పడుకోకూడదని మునిసిపల్ కౌన్సిల్ మనిషి తలుపుకు కాగితం అంటించి వెళ్ళాడు.

చర్చి పెద్ద ఒకాయన, ఎనభై దాటిన మనిషి, గొడుగు వేసుకుని దిగి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జిరాక్స్ కాగితం. "చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. గోడ మాది కాదు, మీదే. ఆదివారం ప్రార్థనకు మేం పదిమందిమి వస్తే గొప్ప. మేం కట్టలేం," అన్నాడు ఇంగ్లీషులో.

అది నేను తిప్పేసిన పత్రమే. చివరి పేజీలో రెండో షరతు ఉంది. దిగువ ప్లాటు యజమాని ఆ గోడను తన ఖర్చుతో, అదే రాయితో, చర్చి పునాదికి హాని రాకుండా నిలబెట్టాలి. ఆ పేజీ మొదటిసారి వానలో నిలబడి చదివాను.

ఇంటి ఇన్సూరెన్సు వాళ్ళు ఇది పాతబడిన గోడ అని చేతులెత్తేశారు. ఒక్కో రాయీ విప్పి మళ్ళీ పేర్చడానికి మేస్త్రీ చెప్పిన ధర మాధవి మూడేళ్ళ జీతం కంటే ఎక్కువ. పనిలో నా తప్పుకు పరిహారం కట్టాల్సిన వృత్తి బీమా కంపెనీ లాయరు నాకు ఒకటే చెప్పాడు: క్లయింట్లతో ఏమీ ఒప్పుకోవద్దు, ఒప్పుకుంటే బీమా దక్కకపోవచ్చు.

ఆ వారమే మాధవి డ్యూటీ దిగి యూనిఫారంలోనే ఆఫీసుకు వచ్చింది. కూర్చోలేదు.

"ఆయన మూఢమి అని తొందరపెట్టిండు. నేను ఆయననే తిట్టుకుంటున్న. అంకుల్, మీరు ఆ పేజీ చదివిండ్రా, లేదా? అదొక్కటి చెప్పండి."

లాయరు మాట గుర్తుంది. ఆమె ఇంట్లో ఎవరిని తిట్టుకుంటోందో కూడా విన్నాను.

"చదవలేదమ్మా," అన్నాను.

"ఆయనకు చెప్త," అని వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటకు బీమా కంపెనీ నాతో ఏడాది పైగా ఉత్తరాల యుద్ధం చేసి, చివరికి సుధాకర్ వాళ్ళకు కొంత ఇచ్చింది. మిగతాది వాళ్ళు అప్పు చేశారు. గోడ లేచింది. కానీ ఇంటి అప్పూ గోడ అప్పూ కలిపి మోయలేక ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఈసారి కాగితాలు వేరేవాళ్ళు చూశారు. మళ్ళీ గిరావీన్‌లో అద్దె ఫ్లాటు. సుధాకర్ కొట్టు దగ్గర ఎదురైతే తలదించుకుని పోతాడు. తప్పు తనదైనట్టు.

ఈసారి ఆ ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటే తర్వాత నాకు ఈ సంగతి చెప్పాడు, విసుక్కుంటూ. ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళనూ మాధవి పెరట్లోకి తీసుకెళ్ళి, గోడ ముందు నిలబెట్టి, ఆ చివరి పేజీ మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించేదట. వద్దంటే వినలేదట. ఇద్దరు వెళ్ళిపోయారు. మూడోవాళ్ళు బాగా తగ్గించి అడిగారు. వాళ్ళకే ఇచ్చారు.

ఇప్పుడు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, ప్రతి షరతూ తెలుగులో పైకి చదువుతాను. గంటన్నర పడుతుంది. ఓపిక లేనివాళ్ళు వేరేచోటికి పోతారు, పోనిస్తాను. నేను ఫీజు తీసుకుని చేయని పనిని ఆమె నష్టపోతూ చేసింది.