దక్షిణ ఏ గడిలో రాయాలి?

మీ ఇంట్లో జరిగిన చివరి పెళ్లికి ఫొటోలు తీసినతనికి ఎంత ఇచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. మంత్రాలు చదివినాయనకు ఎంత ఇచ్చారో చెప్పగలరా?

ఈ ప్రశ్న అడిగే హక్కు నీకెక్కడిదని మీరు అనవచ్చు. నేను దేవుణ్ణి నమ్మను. నా పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలతో అయిపోయింది. పౌరోహిత్యం మీద నేను వేదికలెక్కి చేసిన వాదాలు గుర్తున్నవాళ్లు కలకత్తా తెలుగువాళ్లలో ఇంకా ఉన్నారు. అయినా నా వృత్తిలో మరచిపోలేని కేసు ఒక పురోహితుడిదే.

2024 జూలై. కలకత్తా గార్డెన్ రీచ్‌లో బస్సులు తిరిగే రోడ్డు మీద, మందుల దుకాణం పై అంతస్తులో నా ఆఫీసు. ఆదాయపు పన్ను రిటర్నులు వేయడం నా పని. రిటర్న్ అంటే ఏడాదిలో ఎంత సంపాదించామో ప్రభుత్వానికి మనంతట మనం చెప్పుకునే లెక్క. నెలాఖరుకు గడువు కాబట్టి జూలైలో నా మెట్ల మీద కూడా మనుషులు కూర్చుంటారు. వాళ్లలో చాలామందికి రెండు సంపాదనలు. పొద్దున స్కూల్లో పాఠం, సాయంత్రం ట్యూషన్లు. పగలు క్లినిక్‌లో పూట ఉద్యోగం, రాత్రి ఇంట్లో కుట్టుపని. జీతమొక్కటే ఆదాయం, మిగతాది చిల్లర అని వాళ్ల నమ్మకం.

ఆ రోజు వానలో తడిసి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి హౌరాలోని టికియాపారాలో ఉండే శాస్త్రిగారు. వెనకాల ఆయన కూతురు వైదేహి.

"ఏవమ్మా, నాస్తికుల ఆఫీసులోకి చెప్పులు విప్పి రావాలా, వేసుకునే రావచ్చా?"

"విప్పండి. దేవుడి కోసం కాదు, ఇప్పుడే నేల తుడిపించాను."

ఆయన నవ్వుతూ కూర్చున్నారు. వైదేహి నవ్వలేదు. ఆ అమ్మాయికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. ఆగస్టులో ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చదువు లోన్ కోసం బ్యాంకుకు వెళ్లింది. అక్కడి ఉద్యోగిని కలకత్తా అలవాటు ప్రకారం దాదా, అంటే అన్న, అంటుంది.

"బ్యాంకు దాదా ఏమన్నాడంటే ఆంటీ, నాన్న రిటర్నులో స్కూలు జీతం ఒక్కటే ఉందిట. ఆ జీతం చూసి లోన్ ఇవ్వరుట. ఇంకేం ఆదాయం లేదా అని అడిగాడు. లేదన్నాను."

"ఎందుకు లేదన్నావు?"

అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆయన గొడుగు వైపు చూశారు.

శాస్త్రిగారు ఒక స్కూల్లో పార్ట్ టైం టీచరు. తెలుగు, సంస్కృతం చెబుతారు. మిగతా పొద్దంతా హౌరా నుంచి బడ్జ్ బడ్జ్ దాకా తెలుగువాళ్ల ఇళ్లలో వ్రతాలు, పెళ్లిళ్లు, తద్దినాలు. స్కూలు గుమాస్తా ఏటేటా అందరితో పాటు ఆయనకూ సహజ్ అనే రిటర్న్ వేసేస్తున్నాడు. అది జీతం మీద బతికేవాళ్లకు ఉద్దేశించిన సులువైన పత్రం. స్వంత వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకు చెల్లదు. స్కూలు తానిచ్చే జీతం వరకే చూసుకుంటుంది. జీతంలోంచి ముందే పట్టుకునే పన్నును టీడీఎస్ అంటారు. అదీ ఆ జీతానికి లెక్కగట్టిందే. బయట మనం సంపాదించేది మనమే చెప్పాలి. రెండు ఆదాయాలనూ వేరువేరు గడుల్లో రాసి, చివర కలిపితే వచ్చేదే మన అసలు ఆదాయం.

ఇదంతా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"దక్షిణ ఆదాయం ఎలాగవుతుందమ్మా? వాళ్లు భక్తితో ఇచ్చేది. దానం మీద పన్నేవిటి?"

"దానం వేరు, దక్షిణ వేరు అని మీ శాస్త్రమే అంటుంది కదండీ. పని చేయించుకుని ఇచ్చేది దక్షిణ. మీమాంసలో దాన్ని పరిక్రయం అన్నారు. అంటే మనిషిని పనికి కుదుర్చుకోవడం."

"అబ్బో! ఇన్నాళ్లూ చదవకుండా తిడుతున్నావనుకున్నాను. చదివే తిడుతున్నావన్నమాట!"

ముగ్గురం నవ్వాం. కానీ ఆయన నవ్వు వెంటనే ఆగిపోయింది.

"మా నాన్నగారు పోయేముందు నా దగ్గర ఒక్కటే మాట తీసుకున్నారమ్మా. మంత్రానికి రేటు పెట్టకురా అని. ఇప్పుడు నువ్వు వ్రతానికింత, పెళ్లికింత అని నా చేత రేట్లు రాయిస్తావు. దీని చదువు నాకు ప్రాణమే. అయినా ఆ పని మాత్రం నా వల్ల కాదు."

నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగానే ఉంది. వేదిక మీదైతే ఇచ్చేదాన్నే. ఎదురుగా ఉన్నది తండ్రికి మాటిచ్చిన కొడుకు. నాకంటే ముందు వైదేహి అందుకుంది.

"అయితే నాన్నా, తెల్లారకుండా లేచి మీరు వెళ్లేది పనికి కాదా? ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట పార్ట్ టైం టీచర్ అని రాసి ఊరుకున్నాను. రెండోది ఎలా రాయను? అది పని కాదని మీరే అంటారు. హోమం చేసొచ్చినప్పుడల్లా మీ కళ్లలో చుక్కలు వేసేది నేనే కదా. ఆ పొగ స్కూల్లో పట్టిందని రాయనా?"

ఆయన గొడుగు పిడి తిప్పుతూ కూర్చున్నారు. కింద బస్సు కండక్టరు అరుస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు, ఆయన భయం పన్ను గురించి కాదని, రేటు అనే మాట గురించని.

"శాస్త్రిగారూ, రేటు పెట్టమని చట్టం ఎక్కడా అనలేదు. మీరు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. వాళ్లు ఇచ్చింది ఇంత అని చెబితే చాలు."

"అంతేనా?"

"అంతే."

"మరి ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా, మీమాంస దాకా వెళ్లకపోతే!"

చిక్కు అక్కడితో తీరలేదు. ఎంత వచ్చిందో ఆయనకే తెలియదు. తాంబూలంలో వచ్చింది విప్పి చూడకుండా దేవుడి పటం ముందున్న ఇత్తడి చెంబులో వేస్తారు. భార్య కామేశ్వరిగారు అవసరానికి తీసుకుంటారు. లెక్కపెట్టడం ఆ ఇంట అమర్యాద. ఫోన్‌లో పంపిన డబ్బు బ్యాంకులో కనిపిస్తోంది. నగదు మాటేమిటి? ఆ ఏడాది ఆయన్ను పిలిచిన ఇళ్ల పేర్లు భార్యాభర్తలిద్దరూ ఇంటి దగ్గర గుర్తుచేసుకుని రాశారు. ఆయన అనుమతితో నేనే ఫోన్లు చేశాను.

బడ్జ్ బడ్జ్ నుంచి జనపనార మిల్లు కార్మికుడి భార్య పలికింది. "ఏటమ్మా, పంతులుగారికేటైనా అయిందా? బాగున్నారా?" అని ముందు ఆయన క్షేమం అడిగింది. తర్వాత తన చంటిపిల్ల అన్నప్రాసనకు ఇచ్చిందేమిటో చెప్పింది. "పప్పు కూడా ఇచ్చినాం. అదీ రాస్తారేటి?"

"రాయాలమ్మా. అదీ సంపాదనే."

"అయితే రెండు కేజీలని రాసీండి. ఇచ్చింది కేజీన్నరే గానీ, మా పరువు పోకుండా."

సాల్ట్ లేక్‌లో ఉండే ఒక బ్యాంకు అధికారి కూతురి పెళ్లి ఖర్చంతా తడుముకోకుండా ఒప్పజెప్పారు. ఫొటోగ్రాఫరుకు అడ్వాన్సు ఎంత, వంటవాళ్లకు ఆకుకు ఎంత, పువ్వులకెంత. పురోహితుడికో? "అదా... మా ఆవిడ కవర్లో పెట్టి ఇచ్చిందండీ. తోచినంత."

తోచినంత! ఈ ఒక్క మాట మీద నాకు ఇవాళ్టికీ మంట. పౌరోహిత్యం అక్కర్లేదని నేను వాదిస్తాను, రేపూ వాదిస్తాను. కానీ అక్కరుందని పిలిచి, పూటంతా పొగలో కూర్చోబెట్టి, ఆ మనిషి మోకాళ్ల నొప్పికి సేవ అని పేరు పెట్టడం భక్తి కాదు. శ్రమకు పవిత్రమైన పేరు తగిలిస్తే దాని విలువ కట్టే బాధ్యత తప్పుతుంది. ఇంట్లో వంటకు మమత అని పేరు పెట్టాం. రేపు వైదేహి ఆసుపత్రిలో డబుల్ డ్యూటీ చేస్తే త్యాగం అంటాం.

ఆదాయం తేలాక ఖర్చుల దగ్గరికొచ్చాం. స్వంత వృత్తికి పెట్టిన ఖర్చును వచ్చినదానిలోంచి తీసేయవచ్చు. ఆటోలు, లోకల్ రైళ్లు, ఆయన కొని పట్టుకెళ్లే దర్భలు, సమిధలు రాశాను.

"కళ్లలో చుక్కల మందు?" అన్నారాయన.

"అది స్వంత ఖర్చండీ. చట్టం ఒప్పుకోదు."

"పొగ వృత్తిది, కన్ను స్వంతదీనా?"

ఆ ఖర్చు రాయకుండానే వదిలాను. ఆయన నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను.

జీతం ఒక గడిలో, వృత్తి ఆదాయం ఇంకో గడిలో పెట్టి కలిపాను. ఆ ఏటి నిబంధనల ప్రకారం కట్టాల్సిన పన్ను సున్నా. "దీనికా ఇంత భయపడ్డాను!" అని ఆయన తెరకేసి వంగి ఆ సున్నాను చాలాసేపు చూశారు. వృత్తి వివరం దగ్గర పౌరోహిత్యం అని నా చేత్తో నేనే టైపు చేశాను. కూతురు పక్కనే నిలబడి, బ్యాంకు ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట టీచర్ తర్వాత కామా పెట్టి, పురోహితులు అని రాసింది. ఆయన అది చదువుకున్నారు. కండువాతో కళ్లు తుడుచుకుంటుంటే "పొగేం లేదు కదా నాన్నా ఇక్కడ" అంది.

లోన్ వచ్చింది. సీటు నిలబడింది. కబురు చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన మొహమాటపడుతూ అడిగారు. "నీకెంత ఇమ్మంటావమ్మా?"

మీ ఇష్టం అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. నా ఫీజు చెప్పాను. ఆయన ఇచ్చి రసీదు అడిగి తీసుకున్నారు. మెట్లు దిగుతూ "నీ పెళ్లికి నన్ను పిలిచుంటే ఆ ఏడు నా ఆదాయం ఇంకాస్త పెరిగేది" అన్నారు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. మనం రాసుకోని సంపాదన, మనం ఒప్పుకోని శ్రమ. దాని బరువు చివరికి పిల్లల మీద పడుతుంది. మీకు రెండు సంపాదనలుంటే ఈ జూలైలో రెండూ రాయండి. చిల్లర అని దాచకండి, సేవ అని చెరిపేయకండి. మీ ఇంటికి ఎవరినైనా పనికి పిలిస్తే, వచ్చింది పురోహితుడైనా, పాట నేర్పే టీచరైనా, పిల్లల్ని చూసే ఆయమ్మైనా, ఎంత ఇస్తారో ముందే చెప్పండి. వాళ్ల ఖాతాకే పంపండి. తోచినంత అనే మాటను ఈ పూటే మీ ఇంట్లోంచి గెంటేయండి.