పక్క సీటు బరువు

అమీర్‌పేటలో ఇల్లు, పంజాగుట్టలో ఆఫీసు. నడిస్తే అరగంట, కారులో అయితే ముప్పావుగంట. అలాంటి దారికి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్న మేధావిని నేను. సెకండ్‌హ్యాండే అనుకోండి. మా ఆవిడా నేనూ విడిపోయిన ఏడాదికి, ఇంట్లో టీవీ గొంతు తప్ప ఇంకో గొంతు వినపడని రోజుల్లో కొన్నాను. ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగితే ఇంజిను గొప్పతనం గంటసేపు చెబుదామని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు దూరే సందు ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. కారును కిందికి దించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పొట్టిగా ఉండే లోయరింగ్ స్ప్రింగులు: వేశాక ఎంత దిగితే అంతే, ఇక మార్చలేం. రెండోది కాయిలోవర్లు: స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే ముక్కగా వస్తాయి, మర తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. ఏది వేయించాలో తేలక మూడు నెలలు పప్పన్నం కలుపుకుంటూ వీడియోలు చూశాను. పెళ్లి సంబంధానికి కూడా ఇంత వాకబు చేయలేదు.

చివరికి పంజాగుట్ట సందులో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి. మెడలో కళ్లజోడు తాడుకు వేలాడుతోంది. నేను నేర్చుకున్నదంతా ఒప్పజెబుతుంటే చెయ్యి అడ్డుపెట్టారు.

“గవన్నీ తర్వాత సాబ్. రోజు బండిల ఎంతమంది కూసుంటరు?”

“ఏంటి భాయ్, దానికీ దీనికీ సంబంధం?”

“ఒక్కరే అయితే స్ప్రింగులు చాలు. పక్కన ఫ్యామిలీ ఉంటే కాయిలోవర్ మంచిది. మీ బరువు, ఆళ్ల బరువు పెట్టి నాలుగు దిక్కులు సమానం చేస్త.”

జవాబు ఒక్క మాట. అది నా నోట్లోంచి రాలేదు. “మా ఆవిడ కూర్చుంటుంది,” అన్నాను. “రోజూ. ఆఫీసు దగ్గర దింపుతాను.”

“మేడం ఎంత బరువుంటరు?”

“యాభై ఎనిమిది,” అన్నాను తడుముకోకుండా. ఆమెను చూసి అప్పటికి మూడేళ్లు.

ఆయన పని పద్ధతే అంత. కాయిలోవర్లు బిగించాక ఒక సిమెంటు బస్తా, దానిమీద చిన్న ఇసుక మూట తెచ్చి ఎడమ సీట్లో పెట్టారు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, చక్రం చక్రం దగ్గరా టేపు పట్టి కొలిచి మరలు తిప్పారు. అంతసేపూ బస్తా పక్కన బుద్ధిగా కూర్చున్నాను. సిగ్గేసింది. ఎన్నాళ్లకో పక్క సీటు నిండినందుకు హాయిగానూ అనిపించింది, అదే ఇంకా సిగ్గు.

బస్తా దించాక కారు నావైపు ఒరిగింది. ఎక్కువ కాదు, వేలెడు కూడా ఉండదు. వేరేవాళ్లకు కనిపించదు కూడా. కానీ బల్కంపేట దారిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ కుడివైపు కారు అడుగు గీసుకుపోయేది. నెల రోజులు ఆ చప్పుడు పళ్లబిగువున విన్నాను. సరిచేయించాలంటే నిజం చెప్పాలి. బండి చెడితే చెడిందిలే అనుకున్నాను కానీ, ఒకరోజు ఇంటి సెల్లార్‌లో కారు దిగి చూస్తే, నేను లేకపోయినా అది నా సీటు వైపే వంగి ఉన్నట్టు కనిపించింది. నాకే జాలేసింది.

మళ్లీ వెళ్లాను. ఆయన వంగి కింద చూశారు. తర్వాత ఎడమ తలుపు తీశారు. కాళ్ల దగ్గరి మ్యాట్ మీద ఒక్క చెప్పు అచ్చు కూడా లేదు.

“మేడం వస్తలేరా?”

“లేదు భాయ్. ఎప్పుడూ రాలేదు. నేనొక్కణ్ణే.”

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. నవ్వుతారేమో, లేదా ఓదారుస్తారేమో అని భయపడ్డాను. ఆయన స్పానర్ అందుకున్నారు.

“గది ముందుగల్ల చెప్పాలె గద సాబ్. ఒక్కరికి ఒక తీరు, ఇద్దరికి ఒక తీరు. కూసోండ్రి, మీ బరువుకే సమానం చేస్త.”

పని అయ్యాక ట్రయల్‌కి ఆయనే ఎడమ సీట్లో కూర్చున్నారు. ఆ కారులో నా పక్కన కూర్చున్న మొదటి మనిషి. రోడ్డెక్కగానే తేడా తెలిసింది.

“ఇప్పుడు మీవైపు ఒరిగింది భాయ్.”

“నేను దిగంగనే సీదా అయితది. జర సుత ఫికర్ జెయ్యకుండ్రి.”

పంజాగుట్ట చౌరస్తా దాటగానే యూటర్న్ తీసుకుని షాపుకు రావాలి. తీసుకోలేదు. “అయ్యో, మర్చిపోయాను భాయ్,” అంటూ అమీర్‌పేట వైపు పోనిచ్చాను. ఆయన నావైపు ఒకసారి చూసి, సీటు కాస్త వెనక్కి జరుపుకున్నారు.